బుడిపెలు కట్టని కంది: మక్తల్ వైపు ఒక చెలకలో చేసిన పరిశీలన

నారాయణపేట జిల్లాలో మక్తల్ వైపు ఒక ఊరు. నాలుగెకరాల ఎర్ర చెలక, ఎంత వాన పడ్డా కాసేపట్లో ఇంకిపోయే తేలిక నేల. ఏళ్ళ తరబడి పత్తే వేసి, గులాబీ పురుగు బాధ పడలేక ఆ వానకాలం రైతు కందికి మారాడు. విత్తిన నలభై రోజులకు చూస్తే మొక్కలు గిడసబారి ఉన్నాయి. కింది ఆకులు పాలిపోయి పసుపుకు తిరిగాయి. పక్క రైతు కంది జానెడు ఎత్తు ఎక్కువుంది.

ఈ రైతు విత్తనానికి రైజోబియం కల్చర్ కూడా పట్టించాడు, అంటే వేరు మీద బుడిపెలు కట్టించి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా పొడి. అందుకే ఆయనకు కోపం. ఫోన్‌లో మొదటి మాటే, "సార్, ఆ కల్చర్ ప్యాకెట్ డూప్లికేట్ ఉన్నట్టుంది. పైసలు బోయినై, పంట గూడ బోయేటట్టుంది" అన్నాడు. షాపులో అడిగితే ఇంకో బస్తా యూరియా చల్లమన్నారట.

నేను నేలలోని సూక్ష్మజీవుల మీద పని చేస్తాను. పాలమూరు, నల్లగొండ వైపు పప్పుధాన్యాల రైతులకు సలహాలివ్వడం నా ఉద్యోగం. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇలాంటి ఫిర్యాదు ప్రతి వానకాలం వస్తుంది, వచ్చిన ప్రతిసారీ తప్పు ప్యాకెట్ మీదకో నేల మీదకో పోతుంది. రైజోబియంను మనం ఎరువులాగా చూస్తాం, వేస్తే పని చేయాలి అనుకుంటాం. నిజానికి ఆ బాక్టీరియాకు, కంది వేరుకు మధ్య రసాయనాలతో ఒక సంభాషణ నడవాలి. అది నడిస్తేనే వేరు మీద బుడిపె కడుతుంది. ఈ చేనులో ఆ సంభాషణ తెగింది. ఎక్కడ తెగిందో వెతకడమే ఈ కేసు.

ముందు చేను సంగతి. ఆకు పసుపుకు తిరగగానే నత్రజని లోపం అనేయకూడదు. గంధకం, ఇనుము లోపాలు కొత్త ఆకుల్లో మొదలవుతాయి. ఇక్కడ పైన చిగురు పచ్చగానే ఉంది, కింది ముదురు ఆకులే పాలిపోయాయి. మొక్క కింది ఆకుల్లోని నత్రజనిని లాగి చిగురుకు పంపుకుంటోందన్నమాట. ఎండు తెగులు లేదు, కాండం చీల్చి చూస్తే లోపల నల్ల చారలు కనబడలేదు. వెర్రి తెగులు లేదు.

ఆ తర్వాత వేరు. మొక్కను పట్టుకుని లాగితే బుడిపెలన్నీ మట్టిలోనే తెగిపోతాయి, వేరు బోడిగా బయటికొస్తుంది. చాలామంది అట్లా లాగి చూసి బుడిపెలు లేవని తేల్చేస్తారు. పారతో మొక్క చుట్టూ గడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్ళలో కాసేపు నాననిచ్చి, మట్టి దానంతటదే జారేదాకా ఆగాలి. అట్లా చేనులో నాలుగు దిక్కులా మొక్కలు తవ్వి కడిగాం. తల్లివేరు మీద, అంటే విత్తనం పడ్డ చోటికి దగ్గరగా, బుడిపెలు దాదాపు లేవు. పక్క వేర్ల మీద అక్కడక్కడా ఆవగింజంతవి కనిపించాయి. బ్లేడుతో కోస్తే లోపల తెల్లగా ఉన్నాయి.

ఆ రంగు ముఖ్యం. పని చేస్తున్న బుడిపెను కోస్తే లోపల లేత ఎరుపు ఉంటుంది. అది లెగ్‌హీమోగ్లోబిన్ రంగు, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చే ఎంజైము ప్రాణవాయువు సోకితే పాడైపోతుంది. బాక్టీరియాకేమో ఊపిరికి ప్రాణవాయువు కావాలి. రెండూ సాగేలా ప్రాణవాయువును పట్టి ఉంచి కొద్దికొద్దిగా అందించే పని ఈ ఎర్ర పదార్థానిది. లోపల తెలుపు ఉంటే ఆ బుడిపె ఇంకా పనిలోకి రాలేదు, లేదా ఎప్పటికీ రాదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. నులిపురుగు పట్టినా వేరు మీద ఉబ్బులు వస్తాయి, వాటిని బుడిపెలనుకుని సంతోషపడే వాళ్ళున్నారు. బుడిపె వేరుకు పక్కన అతుక్కుని ఉంటుంది, గోటితో నెడితే ఊడి వస్తుంది. నులిపురుగు ఉబ్బు వేరులో భాగం, ఊడదు. ఇక్కడ అవి లేవు.

మేం వేర్లు కడుగుతుంటే రైతు వాళ్ళమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసి, "ఆ మూల మీద కంది మంచిగనే ఉంది గద సారూ, అది తవ్వి సూడరాదు" అంది. ఎందుకు బాగుందని అడిగాను. "ఆడికి ఇత్తనం సాలలేదు. ఇంట్ల దాసుకున్న కందులు ఏసినం. దానికి మందు గిందు ఏం పట్టియ్యలే" అంది. ఆ మూల తవ్వి కడిగితే తల్లివేరు మీదే బుడిపెలున్నాయి. మరీ ఎక్కువ కాదు గానీ, కోస్తే లోపల ఎరుపు. అదే నేల, అదే ఎరువు, అదే వాన. తేడా అల్లా విత్తనానికి పట్టించిన దాంట్లో ఉంది. కేసు మలుపు తిరిగింది ఈ పెద్దమ్మ మాటతోనే.

విత్తనశుద్ధి ఎట్లా చేశారో రైతును అడిగాను. శిలీంధ్రనాశిని పొడి, రసం పీల్చే పురుగుల మందు, రైజోబియం పొడి, మూడూ ఒకే టబ్బులో వేసి, కాసిన్ని నీళ్ళు చల్లి కలిపారు. తడి ఆరాలని ఎండలో పరిచారు. మర్నాడు గొర్రుతో విత్తారు. అడుగున ఎకరాకు ఒక బస్తా డీఏపీ వేశారు. మొలిచిన మూడు వారాలకు, పత్తికి చేసిన అలవాటు కొద్దీ, ఎకరాకు ఒక బస్తా యూరియా చల్లారు. ఆ తర్వాత రోజుల తరబడి ముసురు పట్టింది.

లెక్క చూడండి. కందికి ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం చాలు. 50 కిలోల డీఏపీ బస్తాలోనే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. అక్కడికే సరిపోయింది. 45 కిలోల యూరియా బస్తా దాని మీద ఇంకో 20 కిలోలకు పైగా నత్రజని కలిపింది. అంటే కావలసిన దానికి మూడింతలు దాటింది.

మరి మూడింతలు వేసిన చేనులో నత్రజని లోపం ఏమిటి? తేలిక చెలకలో యూరియా నైట్రేటుగా మారాక ముసురు వానకు వేర్ల కిందికి కొట్టుకుపోతుంది. ఉన్నన్నాళ్ళు అది బుడిపెలను కట్టనివ్వలేదు, పోయాక మొక్కకు బుడిపెలూ లేవు, ఎరువూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది కంది పని.

అయినా అనుమానాన్ని రుజువు చేసుకోవాలి. మొదట ప్యాకెట్. ఖాళీ చేయని ప్యాకెట్ ఒకటి రైతు ఇంట్లో మిగిలింది, అదీ అదే బ్యాచ్. పంట పేరు కంది అనే ఉంది, గడువు తేదీ దాటలేదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రైజోబియం పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలి. ఈస్ట్ సారం, మానిటాల్ వేసిన అగార్ జెల్లీలో కాంగో రెడ్ రంగు కలిపి, పొడిలోని బాక్టీరియాను దాని మీద పెంచి చూశాం. చాలా రకాల బాక్టీరియా ఆ ఎరుపును పీల్చుకుంటాయి, రైజోబియం పీల్చుకోదు, దాని చుక్కలు తెల్లగా జిగురుగా పైకి తేలతాయి. కందికి పనికొచ్చేవి ఎక్కువగా బ్రాడీరైజోబియం జాతివి, నెమ్మదిగా పెరుగుతాయి. వారం దాకా ఓపిక పట్టాలి, రెండో రోజే చూసి ఏమీ లేదనకూడదు. పట్టాం. లెక్క నిబంధనకు పైనే వచ్చింది. ప్యాకెట్ మంచిదే.

తర్వాత కుండీలు. అదే చేను మట్టి తెచ్చి అదే విత్తనం నాలుగు రకాలుగా పెట్టాం. ఒకదానికి ఏమీ పట్టించలేదు. రెండోదానికి ఒక్క కల్చర్. మూడోదానికి రైతు కలిపినట్టే మూడూ కలిపి. నాలుగోదానికి కల్చర్ పట్టించి, పైన చేనులో వేసిన మోతాదుకు యూరియా. నెల దాటాక కడిగి చూస్తే ఒక్క కల్చర్ పెట్టిన కుండీల్లో తల్లివేరు పై భాగంలో గుత్తులుగా ఎర్ర బుడిపెలు. ఏమీ పెట్టని వాటిలో పలచగా ఉన్నాయి గానీ ఉన్నాయి, మట్టిలో సహజంగా ఉన్న బాక్టీరియా వల్ల. మూడూ కలిపిన వాటిలో తల్లివేరు పైభాగం నున్నగా ఉంది, కింద పక్క వేర్లకు మాత్రం కొన్ని పట్టాయి. యూరియా వేసిన వాటిలో ఆకు నవనవలాడుతోంది, వేరు మీద చిన్న తెల్ల చుక్కలు తప్ప ఏమీ లేవు.

చేనులో ఈ రెండు తప్పులూ ఒకదాని వెనక ఒకటి జరిగాయి. మందు పట్టించిన విత్తనం చుట్టూ బాక్టీరియా చచ్చిపోయింది. వేర్లు కిందికి పాకి మట్టిలోని బాక్టీరియాను కలుసుకునే వేళకు యూరియా పడింది. మూలనున్న ఇంటి విత్తనానికి మొదటి మూడు వారాలు అడ్డు లేదు కాబట్టి యూరియా పడేలోపే దానికి బుడిపెలు కట్టాయి.

ఇప్పుడు ఆ మూడు వారాల్లో నేల కింద ఏం జరుగుతుందో చెప్పాలి. ఇది తెలిస్తే ముందు ముందు వచ్చే సలహాలన్నీ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి.

పప్పుజాతి మొక్కల బుడిపెల్లోంచి బాక్టీరియాను విడిగా తీసి పెంచింది డచ్ శాస్త్రవేత్త బైజరింక్, 1888లో. కానీ ఇవి రెండూ ఒకదాన్నొకటి ఎట్లా గుర్తుపడతాయో తెలియడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. మొదటి మాట మొక్కదే. నత్రజనికి కొరత పడ్డ వేరు ఫ్లేవనాయిడ్లనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. 1986లో అల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు మొక్కలో ఆ పదార్థం లుటియోలిన్ అని తేలింది. సోయాబీన్‌లో డైడ్జీన్, జెనిస్టీన్ ఆ పని చేస్తాయి. బాక్టీరియాలో నాడ్-డి అనే ప్రోటీన్ ఈ పదార్థాన్ని పసిగట్టి, అప్పటిదాకా నిద్రలో ఉన్న కొన్ని జన్యువులను లేపుతుంది. మొక్కమొక్కకూ ఈ పిలుపు వేరు, అందుకే ప్యాకెట్ మీద పంట పేరు రాసి ఉంటుంది, ఒక పంట కల్చర్ ఇంకో పంటకు పట్టిస్తే పని జరగకపోవచ్చు.

నిద్ర లేచిన జన్యువులు ఒక జవాబు తయారుచేస్తాయి. దాన్ని నాడ్ ఫ్యాక్టర్ అంటారు. దాని నిర్మాణాన్ని 1990లో ఫ్రాన్స్‌లోని టులూజ్ శాస్త్రవేత్తలు తేల్చారు. నాలుగైదు చక్కెర అణువుల గొలుసు, చివర ఒక కొవ్వు తోక. ఈ గొలుసు ఏ సరుకుతో కట్టిందో వింటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కైటిన్. తెగుళ్ళు తెచ్చే శిలీంధ్రాల కణాల గోడ కైటిన్‌తోనే కడుతుంది. కైటిన్ ముక్క తగిలితే మొక్క శత్రువొచ్చాడని అప్రమత్తమవుతుంది. మరి అదే సరుకుతో కట్టిన జవాబును స్నేహితుడిదని ఎట్లా గుర్తిస్తుంది? గొలుసు పొడవు, కొవ్వు తోక, దాని మీది చిన్న చిన్న అలంకారాలు చూసి. వేరు కణాల పైన ఉండే గ్రాహకాల్లో నాడ్ ఫ్యాక్టర్‌ను పట్టేవి, తెగులు కైటిన్‌ను పట్టేవి ఒకే కుటుంబానివి. స్నేహానికీ యుద్ధానికీ మధ్య ఉన్న తేడా ఇంత సన్ననిది.

ఆ జవాబు ఎంత కొద్దిపాటిదంటే, లీటరు నీళ్ళలో గ్రాములో పది లక్షలో వంతు ఉన్నా వేరు స్పందిస్తుంది. వేరు నూగు కొస కొక్కెంలా వంగి బాక్టీరియాను చుట్టేస్తుంది. కణ కేంద్రకంలో కాల్షియం లయబద్ధంగా పెరిగి తగ్గుతూ ఉంటుంది. నూగు లోపలికి ఒక సన్నని గొట్టం ఏర్పడి, అందులోంచి బాక్టీరియా లోపలికి నడుస్తుంది. ఈలోపు లోపలి పొరలో కణాలు విభజన చెంది బుడిపెకు ఇల్లు కడుతుంటాయి. ఇదంతా వేరు కొసకు కాస్త వెనక, కొత్తగా నూగు పుట్టే చోటే జరుగుతుంది. వేరు ముందుకు సాగితే ఆ చోటు పాతబడుతుంది, అక్కడ మళ్ళీ అవకాశం ఉండదు. విత్తనం దగ్గర తల్లివేరు మీద బుడిపె కట్టాలంటే మొలకెత్తిన తొలి రోజుల్లోనే బతికున్న బాక్టీరియా అక్కడ ఉండాలి. ఈ చేనులో పోయింది ఆ తొలి రోజులే.

ఈ యంత్రాంగంలో పెద్ద భాగం మొక్కలకు రైజోబియం కంటే ముందే ఉంది. వేర్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రాలతో మొక్కల స్నేహం 40 కోట్ల ఏళ్ళకు పైబడినది. ఆ శిలీంధ్రాలు కూడా నాడ్ ఫ్యాక్టర్ లాంటి పదార్థాలతోనే వేరును పలకరిస్తాయని 2011లో బయటపడింది. పత్తికీ ఆ స్నేహం ఉంది. పప్పుజాతి మొక్కలు ఆ పాత దారినే బాక్టీరియాకు కూడా తెరిచాయి.

వేరు మాటలు వినేది స్నేహితులే అనుకోవద్దు. రైజోబియంకు దగ్గరి బంధువైన అగ్రోబాక్టీరియం, గాయపడ్డ మొక్క వదిలే అసిటోసిరింగోన్ అనే పదార్థం వాసన పట్టి వచ్చి, తన డీఎన్ఏ ముక్కను మొక్కలోకి ఎక్కించి గడ్డలు పుట్టిస్తుంది. ఆ సంకేతాన్ని 1985లో గుర్తించారు.

యూరియా ఈ సంభాషణను ఎట్లా ఆపుతుంది? కడుపు నిండినవాడు అన్నం కోసం పొరుగింటి తలుపు తట్టడు. నైట్రేటు పుష్కలంగా దొరికే వేరు పిలుపు తగ్గిస్తుంది, వచ్చిన జవాబుకు కూడా తలుపు తీయదు. బుడిపెలు ఊరికే రావు, వాటిని పోషించడానికి మొక్క తన ఆకుల్లో చేసుకున్న చక్కెరను ధార పోయాలి. అవసరం లేనప్పుడు ఆ ఖర్చు పెట్టుకోదు. ఎన్ని బుడిపెలు చాలో కూడా వేరు, కొమ్మ ఒకదానికొకటి చిన్న ప్రోటీన్ ముక్కలతో చెప్పుకుని అదుపు చేసుకుంటాయి.

పురుగుమందుల విషయంలో ఇంకో మెలిక ఉంది. 2007లో అమెరికాలో అల్ఫాల్ఫా మీద చేసిన పరిశోధనలో, మిథైల్ పారథియాన్, పెంటాక్లోరోఫినాల్ వంటి కొన్ని రసాయనాలు లుటియోలిన్‌కూ నాడ్-డికీ మధ్య అడ్డుపడి బుడిపెలను, దిగుబడిని తగ్గించాయని తేలింది. బాక్టీరియా చావకపోయినా దానికి పిలుపు వినపడదన్నమాట. మన రైతు వాడినవి ఆ మందులు కావు. ఈ కేసులో బాక్టీరియా టబ్బులోనే చచ్చిపోయిందనేది సూటి వివరణ, దానికి ఎండ కూడా తోడయింది. అయినా ఆ పరిశోధన మనసులో పెట్టుకుంటే, విత్తనానికి ఏది పడితే అది పట్టించే అలవాటు కాస్త తగ్గుతుంది.

ఆ ఏడు చేనుకు ఏం చేశాం? నలభై రోజుల తర్వాత తల్లివేరును వెనక్కి తిప్పలేం. యూరియా చల్లొద్దన్నాను. రైతుకు టెన్షన్, ఎదుగుదల ఆగిపోతుందేమోనని. ఆకు మీద 2 శాతం యూరియా ద్రావణం, అంటే లీటరుకు 20 గ్రాములు, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేయించాం. ఆకు మీద పడ్డది ఆకుకే పోతుంది, వేరు దగ్గర నైట్రేటు పెద్దగా పెరగదు. మిగిలిన కల్చర్‌ను, ఇంకొన్ని ప్యాకెట్లను బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, వాన పడ్డాక సాళ్ళ వెంట వేసి గుంటక తోలించాం. పూత దశకు వచ్చేసరికి పక్క వేర్ల మీద ఎర్ర బుడిపెలు కొన్ని కనబడ్డాయి, చేను కాస్త తేరుకుంది. పక్క రైతు దిగుబడి మాత్రం రాలేదు.

మరుసటి వానకాలం పద్ధతి మార్చాం. శిలీంధ్రనాశిని పొడికి బదులు తెగుళ్ళను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా, కిలో విత్తనానికి 8 నుంచి 10 గ్రాములు. ఎండు తెగులుకు అది చాలు, రైజోబియంతో దానికి గొడవ లేదు. రసాయన మందే తప్పదనుకునే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ముందు శిలీంధ్రనాశిని, తర్వాత పురుగుమందు, అవి ఆరాక విత్తే రోజు చివరగా కల్చర్, అదీ మామూలుకంటే ఎక్కువ మోతాదులో. మామూలు మోతాదు ఎకరా విత్తనానికి 200 గ్రాముల కల్చర్. బెల్లం నీళ్ళు కాచి, పూర్తిగా చల్లారాకే కలపాలి. చాలా ఇళ్ళల్లో తొందరపడి వేడి తగ్గకముందే పోస్తారు, అక్కడే చాలా బాక్టీరియా ప్రాణం పోతుంది. నీడలో ఆరబెట్టి అదే పూట విత్తాలి. ఎరువు డీఏపీ ఒక్క బస్తాతో సరి, పైన యూరియా లేదు.

డీఏపీ కూడా తగ్గించవచ్చా అని రైతు అడిగాడు. ఎర్ర నేలల్లో భాస్వరం ఇనుముతో ముడిపడి ఉండిపోతుంది, చాలా పంటలు దాన్ని తీసుకోలేవు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం వదిలి ఆ ముడి విప్పుకుంటుందని పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో చేసిన పనితో 1990లో తేలింది. అయినా పత్తి పీల్చేసిన నేల, మట్టి పరీక్షలో భాస్వరం తక్కువ వచ్చింది, బుడిపెకు భాస్వరం బాగా కావాలి. అందుకే ఆ బస్తాను ఉంచాం.

నలభై రోజులకు మళ్ళీ తవ్వి కడిగాం. తల్లివేరు పైభాగాన గుత్తులు, కోస్తే ఎరుపు. ఆకు కింది నుంచి చిగురు దాకా ఒకే రంగు. వాళ్ళమ్మ ఒక వేరును చేతిలోకి తీసుకుని, "ఇవేనా సారూ ఎరువు జేసేటివి" అని గోటితో ఒక బుడిపె ఊడదీసి చిదిమి చూసింది. ఆ ఏడు దిగుబడి పక్క చేనుతో సమానంగా వచ్చింది, యూరియా ఖర్చు మిగిలింది.

ఆ చెలకలోనే ఒక ఎకరం యాసంగిలో పల్లీకి మళ్ళించాలని ఆయన ఆలోచన. పల్లీ సంగతి వేరు. దాని వేర్ల మీద మామూలు నూగు ఉండదు, పక్క వేరు చీల్చుకుని వచ్చే పగులులోంచి బాక్టీరియా లోపలికి దూరుతుంది. పంటపంటకూ కల్చర్ వేరు కాబట్టి కంది ప్యాకెట్ మిగిలిందని పల్లీకి పట్టించవద్దనీ, పల్లీ కల్చరే వేరుగా తెమ్మనీ చెప్పాను. పల్లీలో మొదలు కుళ్ళు భయం ఎక్కువ, విత్తనానికి మందు పెట్టకుండా చాలామంది ఒప్పుకోరు. అక్కడ ట్రైకోడెర్మాతో సరిపోతుందో లేదో చూడటానికి నాలుగు సాళ్ళు వేరుగా వదలమన్నాను, ఒప్పుకున్నాడు.